శరీరము, మనస్సు, ఆత్మ: మూడు పేర్లు, ఒకే మనిషి



వార్డులో రోగి బంధువులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టరుగారూ, మా అమ్మాయికి వచ్చింది ఒంటి జబ్బా, మనసు జబ్బా, లేక ఆత్మీయ పోరాటమా?" అని అడుగుతారు. ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు. మేము చెప్పే జవాబును బట్టి ఆ అమ్మాయిని డాక్టరుగారికి చూపించాలా, మానసిక వైద్యులకు చూపించాలా, పాస్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళాలా అని వారు నిర్ణయించుకుంటారు. ఒక గుమ్మం ఎక్కితే మిగిలిన రెండు గుమ్మాలు ఎక్కనక్కరలేదని వారి ఉద్దేశము.

ఈ ఉద్దేశము వల్ల చాలా నష్టము జరుగుతోంది. ప్రార్థన చేయించుకున్నామని ఫిట్స్ బిళ్ళలు మానేసినవారు మళ్ళీ ఫిట్స్‌తో క్యాజువాలిటీకి వస్తున్నారు. బాలింతకు వచ్చిన మానసిక వ్యాధిని గాలి సోకిందని చెప్పి వారాల తరబడి ఊరూరా తిప్పుతున్నారు. ఇంకొక వైపున, స్కానింగులన్నీ బాగున్నాయి కదా అని ఇంటికి పంపబడిన మనిషి ఎవరికీ చెప్పుకోలేని దుఃఖముతో లోలోపల కుమిలిపోతున్నాడు. అందుచేత ఈ నెల పాఠములో శరీరము, మనస్సు, ఆత్మ అనే మూడింటికి ఉన్న సంబంధాన్ని నేర్చుకుందాము.

మట్టి, ఊపిరి, మనిషి

ఆదికాండము 2వ అధ్యాయములో మానవుని సృష్టిని గమనించండి. దేవుడు మట్టితో మనిషిని చేసి, అతనిలోనికి తన ఊపిరిని పంపాడు. అప్పుడు మనిషి ప్రాణముతో లేచాడు. మట్టి ఒకచోట, ఊపిరి ఒకచోట విడివిడిగా ఉండిపోలేదు. రెండూ కలిసినప్పుడే మనిషి అయ్యాడు.

అపొస్తలుడైన పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక చివరి అధ్యాయములో (5:23) ఆత్మ, జీవము, శరీరము అని మూడు మాటలు వాడాడు. మూడింటిని వేరు చేయడానికి కాదు, విశ్వాసి సంపూర్ణముగా, ఏదీ విడువబడకుండా కాపాడబడవలెనని ప్రార్థించడానికే వాటిని పేర్కొన్నాడు. మనిషిలో ఉన్నవి రెండు భాగాలా మూడు భాగాలా అని వేదపండితులు శతాబ్దాలుగా చర్చిస్తున్నారు. ఆ చర్చ తేల్చడం మా పని కాదు. మా డ్యూటీలో మాకు తెలిసిన సంగతి ఒక్కటే. ఒక రోగి కోసం మేము మూడు మంచాలు వేయము. ఒకే మంచము మీద ఒకే మనిషి పడుకుంటాడు. నొప్పి, దిగులు, దేవుడు నన్ను మరచిపోయాడేమో అన్న ప్రశ్న, మూడూ ఆ ఒక్క మంచము మీదే ఉంటాయి.

నేర్చుకోవడానికి వీలుగా మూడింటిని ఇలా గుర్తుపెట్టుకుందాము. శరీరము అంటే మనము తాకి, కొలిచి, పరీక్ష చేసి చూడగలిగినది. మనస్సు అంటే మన ఆలోచన, జ్ఞాపకము, భయము, సంతోషము, నిర్ణయము. ఆత్మ అంటే మనలో దేవునివైపు తిరిగియున్న భాగము. నేను ఎందుకు బ్రతుకుతున్నాను, నేను క్షమింపబడ్డానా, మరణము తరువాత ఏమిటి అని అడిగేది అదే.

లోకములోని వైద్యులు కూడా ఈ సత్యానికి దగ్గరగానే వచ్చారు. 1948 ఏప్రిల్ 7న అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగము, రోగము లేకపోవడమే ఆరోగ్యము కాదని, శారీరకముగా, మానసికముగా, సామాజికముగా క్షేమముగా ఉండడమే ఆరోగ్యమని నిర్వచించింది. అందుకే ప్రతి సంవత్సరము ఆ తేదీన ప్రపంచ ఆరోగ్య దినము జరుపుకుంటున్నాము.

మనస్సు శరీరాన్ని తాకినప్పుడు

మన పెద్దలు చదువుకోకపోయినా ఈ సంగతి వారికి తెలుసు. మన మాటలే సాక్ష్యము. భయపడితే "గుండె జారిపోయింది" అంటాము. కంగారు పడితే "కాళ్ళూ చేతులూ ఆడలేదు" అంటాము. బిడ్డ బాధ చూస్తే "కడుపు తరుక్కుపోయింది" అంటాము. చింత లేనమ్మ సంతలో నిద్రపోయిందని సామెత. అంటే చింత ఉన్నామెకు పరుపు మీద కూడా నిద్ర రాదన్నమాట.

ఇది ఎలా జరుగుతుందో చూద్దాము. మనకు భయము గాని కోపము గాని కలిగినప్పుడు మూత్రపిండాల పైన టోపీల వలె ఉండే రెండు చిన్న గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోనులను రక్తములోనికి వదులుతాయి. గుండె వేగముగా కొట్టుకుంటుంది. బి.పి. పెరుగుతుంది. పరుగెత్తడానికి శక్తి కావాలి గనుక కాలేయము నిలువ ఉంచిన చక్కెరను రక్తములోనికి పంపుతుంది. పాము ఎదురైనప్పుడు ఇది మేలే. పాము వెళ్ళిపోగానే అంతా సర్దుకుంటుంది. కాని అప్పు, కుటుంబ కలహము, పిల్ల పెండ్లి అనే చింతలు పాము వలె వెళ్ళిపోవు. నెలల తరబడి ఒళ్ళు అదే కంగారులో ఉండిపోతుంది. మందులు సక్రమముగా వేసుకుంటున్నా షుగరు, బి.పి. అదుపులోనికి రాని కొందరిలో ఇదీ ఒక కారణము.

గాయము మానడము మీద కూడా మనోభారము పనిచేస్తుంది. మతిమరుపు వ్యాధి వచ్చిన బంధువులకు ఏళ్ళ తరబడి సేవ చేస్తున్న 13 మంది స్త్రీలను, అటువంటి భారము లేని మరి 13 మందిని అమెరికాలోని ఒహాయో రాష్ట్రములో పరిశీలించారు. అందరికీ చర్మము మీద ఒకే కొలతలో చిన్న గాయము చేసి, అది ఎన్నాళ్ళకు మానుతుందో చూశారు. సేవ చేస్తున్నవారికి సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. ఈ ఫలితము 1995లో ప్రచురింపబడింది. ఇంట్లో మంచాన పడిన పెద్దవారికి సేవచేసే కోడళ్ళను, కూతుళ్ళను మనము ఎంతగా ఆదుకోవాలో ఇది చెబుతున్నది.

గుండె పగిలింది అన్నమాట కూడా ఒట్టి మాట కాదు. భర్త మరణవార్త వంటిది ఒక్కసారిగా విన్నప్పుడు కొందరికి గుండెపోటు వచ్చినట్లే ఛాతీలో నొప్పి, ఆయాసము వస్తాయి. పరీక్ష చేస్తే గుండె రక్తనాళాలలో అడ్డేమీ కనబడదు గాని, గుండె ఎడమ గది కొన బెలూను వలె ఉబ్బి సరిగా ముడుచుకోదు. జపాను వైద్యులు 1990లో దీనిని వర్ణించి, ఆక్టోపస్‌ను పట్టే కుండ ఆకారములో ఉన్నందున టకోట్సుబో అని పేరుపెట్టారు. వయసు మళ్ళిన స్త్రీలలో ఇది ఎక్కువ. సరియైన వైద్యము అందితే చాలామందికి కొన్ని వారాలలో గుండె మామూలు స్థితికి వస్తుంది. కాబట్టి దుఃఖములో ఉన్న మనిషి ఛాతీలో నొప్పి అంటే, ఏడ్చి ఏడ్చి వచ్చిందిలే అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

శరీరము మనస్సు వేషము వేసినప్పుడు

దీనికి ఎదురుగా కూడా జరుగుతుంది. లోపము శరీరములో ఉంటుంది, కనిపించేది మాత్రము మనస్సులోనో భక్తిలోనో.

సంఘములో చురుకుగా ఉండే ఒక సహోదరిని ఊహించుకోండి. కొన్ని నెలలుగా ఆమె స్త్రీల కూటానికి రావడము లేదు. ప్రార్థనకు మోకరిస్తే నిద్ర ముంచుకొస్తుంది. పాట పాడాలనిపించదు. ఏ పనిమీదా ఆసక్తి లేదు. చుట్టుప్రక్కలవారు "ఆమె విశ్వాసములో చల్లారిపోయింది" అంటారు. ఆమె కూడా అదే నమ్మి తన్ను తాను నిందించుకుంటుంది. డాక్టరుగారు అడిగితే ఇంకొన్ని సంగతులు బయటపడతాయి. ఒళ్ళు బరువెక్కుతున్నది. జుట్టు ఊడుతున్నది. మలబద్ధకము ఉన్నది. అందరికీ ఉక్కపోస్తుంటే ఆమెకు చలి వేస్తున్నది. ఇవి థైరాయిడ్ గ్రంథి మందగించిన గుర్తులు. ఒక రక్తపరీక్షతో తెలిసిపోతుంది. ప్రతి ఉదయము పరగడుపున వేసుకునే చిన్న బిళ్ళతో కొన్ని వారాలలో తేడా కనిపిస్తుంది.

రక్తహీనత కూడా ఇలాంటిదే. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. నిస్సత్తువ, చిరాకు, ఏకాగ్రత లేకపోవడము దాని గుర్తులు. బి12 విటమిను తగ్గితే కాళ్ళు తిమ్మిర్లతో పాటు మతిమరుపు, మనస్సు కుంగడము రావచ్చును. షుగరుకు మెట్‌ఫార్మిన్ బిళ్ళలు ఏళ్ళ తరబడి వాడుతున్నవారు ఈ విటమిను పరీక్ష గురించి డాక్టరుగారిని అడగాలి.

నెమ్మదస్తుడైన తాతగారు ఉన్నట్టుండి రాత్రిపూట ఎవరెవరో కనబడుతున్నారని, తిట్లు మొదలుపెట్టాడని కంగారుగా వస్తారు. దయ్యము పట్టిందేమోనని గుసగుసలాడుకుంటారు. పెద్ద వయసులో మూత్రములో ఇన్ఫెక్షను, నెమ్ము, ఒంట్లో సోడియము తగ్గడము వంటివి మెదడును ఇలా కలవరపెడతాయి. అసలు జబ్బుకు వైద్యము జరిగితే చాలామంది తేరుకుంటారు. అందుకే మేము పదే పదే చెబుతున్నాము: మనిషి స్వభావము అకస్మాత్తుగా మారితే, తీర్పు తీర్చక ముందు పరీక్ష చేయించండి.

అంతా మనస్సే అనవద్దు

మనస్సు, శరీరము కలిసియున్నవని నేర్చుకున్నవారు ఒక్కోసారి రెండవ అంచుకు వెళ్ళి, ప్రతి జబ్బుకూ బెంగే కారణమంటారు. ఇది కూడా సరికాదు. కడుపులో పుండు కథ మంచి ఉదాహరణ.

పూర్వము కడుపులో పుండ్లకు ప్రధాన కారణము మనోవ్యాకులత, కారము, మసాలాలు అని వైద్యులే నమ్మేవారు. మేము నర్సింగు చదివిన రోజులలో కూడా అల్సరు రోగికి విశ్రాంతి, చప్పిడి ఆహారము, పాలు ముఖ్యమని నేర్చుకున్నాము. ఆస్ట్రేలియా దేశస్థులైన రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు ఇది హెలికోబాక్టర్ అనే సూక్ష్మక్రిమి పని అని చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. 1984లో డాక్టరు మార్షల్ ఆ క్రిములున్న ద్రవమును తానే త్రాగి, కొద్ది రోజులలో వాంతులు, కడుపు వాపు తెచ్చుకొని చూపించారు. 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. నేడు ఆ క్రిమి ఉన్నట్లు తేలితే సుమారు రెండు వారాల యాంటీబయాటిక్ మందులతో దానిని పోగొట్టవచ్చును. ఒంటినొప్పులకు విచ్చలవిడిగా మింగే బిళ్ళలు మరొక ముఖ్య కారణము.

ఎన్నో సంవత్సరాలు ఆ రోగులకు "నువ్వు దిగులు మానుకో" అని సలహా దొరికింది, క్రిమికి మందు దొరకలేదు. దీనిని బట్టి మనము నేర్చుకోవలసినది వినయము. "ఇదంతా నీ మనసులోనిదే" అని గాని, "ఇది నీ పాపము వలన వచ్చినదే" అని గాని రోగి ముఖము మీద అనడానికి మనకు అధికారము లేదు. యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివాని గూర్చి శిష్యులు అడిగినదీ ఇటువంటి ప్రశ్నే. ఇతడు పాపము చేశాడా, ఇతని కన్నవారు చేశారా అని అడిగారు. ప్రభువు రెండు జవాబులనూ త్రోసివేశాడు.

ఆత్మకు కలిగే నొప్పి

బిళ్ళకు, ఇంజెక్షనుకు లొంగని నొప్పి కూడా ఒకటున్నది. దానిని వైద్యలోకానికి స్పష్టముగా చెప్పినవారిలో ముఖ్యురాలు ఇంగ్లాండు దేశస్థురాలైన సిసిలీ సాండర్స్. ఆమె మొదట మన వృత్తిలోనే ఉండినది. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో నర్సుగా శిక్షణ పొందింది. నడుము నొప్పి వల్ల నర్సు పని చేయలేక ఆసుపత్రిలోనే సామాజిక సేవకురాలయింది. తరువాత వైద్యవిద్య చదివి 1957లో డాక్టరయింది. మరణము సమీపించిన రోగుల కోసము 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ అనే సంస్థను స్థాపించింది.

ఒక రోగిని నీ నొప్పి గూర్చి చెప్పమని ఆమె అడిగింది. రోగి నడుముతో మొదలుపెట్టింది. కాని అంతటితో ఆగలేదు. ఇప్పుడు తనలో ఏదీ బాగా లేనట్టున్నదని, భర్త, కుమారుడు పని మానుకొని తన దగ్గర ఉంటే జీతము పోతుందని, తన బాధ ఎవరికీ అర్థము కావడము లేదని, అన్నీ తనకు విరోధముగా ఉన్నట్లున్నవని చెప్పుకుంటూ వచ్చింది. ఇటువంటి మాటలు విని, విని, డాక్టరు సాండర్స్ సంపూర్ణ వేదన అన్న భావమును బోధించింది. ఒకే నొప్పిలో శరీర బాధ, మానసిక బాధ, కుటుంబ ఆర్థిక బాధ, ఆత్మ బాధ కలిసి ఉంటాయని, నాలుగింటినీ చూడకపోతే నొప్పి తగ్గదని చెప్పింది. అయితే ఆమె మార్ఫిన్ మానిపించలేదు. నొప్పి వచ్చేవరకు ఆగకుండా వేళకు క్రమముగా ఇవ్వాలని పట్టుబట్టింది. శరీరము నొప్పితో కేకలు వేస్తుంటే ప్రార్థన చేయడానికి కూడా మనిషికి వీలుండదని ఆమెకు తెలుసు.

ఆత్మ నొప్పిని ఎలా గుర్తించాలి? "నేనెవరికీ అన్యాయము చేయలేదు, నాకే ఎందుకు?" అనే ప్రశ్న. ఎప్పుడో జరిగిన తప్పును తలచుకొని నిద్రపట్టకపోవడము. మాటలు లేని తమ్ముణ్ణి ఒక్కసారి చూడాలని అడగడము. ఎవరు పలుకరించినా గోడవైపు తిరిగి పడుకోవడము. దీనికి మా మందుల ట్రేలో ఏమీ లేదు. ప్రక్కన కూర్చుండడము, చెప్పేది పూర్తిగా వినడము, సమాధానపడవలసినవారిని పిలిపించడము, కోరినప్పుడు పాస్టరుగారిని పిలిచి ప్రార్థన, ప్రభు సంస్కారము అందించడము, ఇవే వైద్యము.

పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీని తలచుకోండి (మార్కు 5వ అధ్యాయము). వస్త్రము ముట్టగానే ఆమె శరీరము స్వస్థమయింది. జబ్బు తగ్గడమే అంతా అయితే ఆ కథ అక్కడే ముగియాలి. యాయీరు ఇంటిలో చిన్నపిల్ల చావుబ్రతుకుల్లో ఉన్నా ప్రభువు ఆగాడు, ఆమెను వెదికాడు, వణుకుతున్న ఆమె తన సంగతంతా చెప్పుకునే వరకు విన్నాడు, అందరి ఎదుట ఆమెను కుమార్తె అని పిలిచాడు. ధర్మశాస్త్రము ప్రకారము పన్నెండేండ్లు అపవిత్రురాలిగా ఎంచబడి, దూరముగా బ్రతికిన మనిషికి ఆ ఒక్క పిలుపు ఎంతటి ఔషధమో ఆలోచించండి.

ఏలీయాకు దేవుడు చేసిన వైద్యము

మూడింటికీ కలిపి వైద్యము చేయడము ఎలాగో 1 రాజులు 19వ అధ్యాయములో దేవుడే చూపించాడు. మా నర్సింగు విద్యార్థినులకు ఈ అధ్యాయమును కేస్ షీటు చదివినట్లు చదవమని చెబుతాము.

రోగి ఏలీయా ప్రవక్త. కర్మెలు కొండ మీద గొప్ప విజయము చూసిన మనిషి. యెజెబెలు రాణి చంపుతానని కబురు పంపగా ప్రాణభయముతో పారిపోయాడు. దాసుణ్ణి బెయేర్షెబాలో విడిచి, ఒంటరిగా అరణ్యములో ఒక దినము నడిచి, బదరీ చెట్టు క్రింద కూలబడి, తనకు చావే మేలని దేవుణ్ణి అడిగాడు. అలసట, ఆకలి, భయము, ఒంటరితనము, చావు కోరిక, ఇవి లక్షణాలు. అతడు విశ్వాసము లేనివాడని ఎవరైనా అనగలరా?

మొదటి వైద్యము నిద్ర. తరువాత దేవదూత తట్టి లేపి, వేడి రొట్టె, కూజాతో నీళ్ళు ఇచ్చాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. లేపి రెండవసారి పెట్టాడు. ఇప్పటివరకు ఒక్క ప్రసంగము లేదు, ఒక్క గద్దింపు లేదు. శరీరము తేరుకున్న తరువాత నలువది దినాలు నడిచి హోరేబు చేరాడు. అక్కడ దేవుడు ఒకే ప్రశ్నను రెండుసార్లు అడిగాడు. ఏలీయా తన బాధను రెండుసార్లూ ఒకే మాటలతో చెప్పుకున్నాడు. చెప్పిందే చెబుతున్నావేమని దేవుడు విసుగుకొనలేదు. అది మనస్సుకు వైద్యము. గాలి, భూకంపము, అగ్ని దాటిపోయిన తరువాత మెల్లని స్వరములో దేవుని సన్నిధి అతనికి దొరికింది. చేయవలసిన పని దొరికింది. తోడుగా ఎలీషా దొరికాడు. నీవు ఒంటరివి కావు, ఇంకా ఏడువేలమంది ఉన్నారని తెలిసింది. అది ఆత్మకు వైద్యము.

క్రమమును గమనించండి. రొట్టె పెట్టాడు గనుక దేవుడు ఆత్మను నిర్లక్ష్యము చేసినట్టు కాదు. రొట్టె కూడా దేవుని హస్తమే ఇచ్చింది. అలాగే డాక్టరుగారు వ్రాసిన బిళ్ళ వేసుకున్న విశ్వాసి దేవుణ్ణి నమ్మనివాడు కాదు.

మన ఇంట, మన సంఘములో పాటించవలసినవి

1. ప్రార్థన చేయించుకున్నారని మందులు ఆపవద్దు. ఫిట్స్, షుగరు, బి.పి., క్షయ, మానసిక వ్యాధుల మందులు మానాలన్నా, తగ్గించాలన్నా డాక్టరుగారే చెప్పాలి. స్వస్థత కలిగిందని నమ్మితే పరీక్షకు రండి. ప్రభువు కూడా కుష్ఠరోగులను బాగుచేసి, వెళ్ళి యాజకులకు కనుపరచుకొమ్మన్నాడు.

2. ఉపవాస ప్రార్థనకు ముందు ఆలోచించండి. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి బిళ్ళలు గాని వాడేవారు ఆహారము మానితే షుగరు ప్రమాదకరముగా పడిపోవచ్చును. చెమటలు, వణుకు, తడబాటు, అకారణ కోపము వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి త్రాగించి, పావుగంటకు మళ్ళీ చూడండి. స్పృహ లేకపోతే నోట ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి. గర్భిణులు, బాలింతలు, రోగులు ఉపవాసానికి బదులు మరొక విధముగా సమర్పణ చేసుకోవచ్చును.

3. రాత్రంతా జరిగే ప్రార్థన కూటాలకు ఫిట్స్ ఉన్నవారిని బలవంతము చేయవద్దు. నిద్రలేమి ఫిట్స్‌ను రప్పిస్తుంది. మితిమీరిన ఉద్రేకము, దిగులు మార్చి మార్చి వచ్చే మానసిక వ్యాధి ఉన్నవారికి కూడా రాత్రి నిద్ర మందుతో సమానము.

4. మనోవ్యాధికి మందు లేదన్న సామెతను ఇక పక్కన పెట్టండి. మందు ఉన్నది. కుంగుబాటుకు డాక్టరుగారిచ్చే మందులు పనిచేయడానికి సాధారణముగా రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. పది రోజులకే గుణము లేదని మానవద్దు. బాగయిన తరువాత కూడా కనీసము ఆరు నెలలు వాడవలసి ఉంటుంది. మాట సహాయము ద్వారా చేసే చికిత్స కూడా ఉన్నది.

5. కాన్పు అయిన కొద్ది రోజులలో తల్లి నిద్రపోకుండా, సంబంధము లేని మాటలు మాట్లాడుతూ, బిడ్డను అనుమానముగా చూస్తే అది అత్యవసరము. ఆమెను, బిడ్డను ఒంటరిగా విడువక ఆ రోజే తీసుకురండి.

6. "నేను లేకపోతే అందరికీ హాయి" అన్న మాటను తేలికగా తీసుకోవద్దు. వాక్యము చెప్పి వెళ్ళిపోకండి, తోడుగా ఉండండి. చచ్చిపోవాలనిపిస్తుందా అని సూటిగా అడగవచ్చును. అడగడము వలన ఆ తలంపు పుట్టదు, భారము దిగుతుంది. పురుగుమందులు, బిళ్ళలు అందకుండా దాచండి. ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నెంబరుకు ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును.

7. రోగిని చూడవచ్చినప్పుడు "నీకు విశ్వాసము చాలలేదు" అనకండి. అదే జబ్బుతో పోయినవారి కథలు చెప్పకండి. కొద్దిసేపే కూర్చోండి. ఏమి కావాలో అడగండి. ప్రార్థన చేయమంటారా అని అడిగి, మెల్లగా, క్లుప్తముగా చేయండి. వెళ్ళేటప్పుడు రోగితో పాటు సేవ చేస్తున్నవారిని కూడా పలుకరించండి. ఒక పూట మీరు కూర్చుని, వారిని ఇంటికి పంపి నిద్రపోనివ్వండి. పైన చెప్పిన 9 రోజుల సంగతి మరువకండి.

కుటుంబ ప్రార్థనలో చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. మన ఇంటిలో ఎవరైనా కొద్దికాలముగా మారిపోయినట్టున్నారా? దానికి శరీరములో కారణముందేమో పరీక్ష చేయించామా?

2. ఏలీయాకు మొదట నిద్ర, ఆహారము ఇవ్వబడుటను బట్టి, అలసినవారి యెడల మన ప్రవర్తన ఎలా ఉండాలి?

3. జబ్బుగా ఉన్నప్పుడు మనల్ని నిజముగా ఆదరించిన మాట ఏది? గాయపరచిన మాట ఏది?

4. మనకు తెలిసినవారిలో ఎవరైనా ప్రార్థన పేరట మందులు, లేక మందుల పేరట ప్రార్థన మానుకున్నారా? వారితో ప్రేమగా ఎలా మాట్లాడగలము?

ముగింపు

మొదట చెప్పిన ప్రశ్నకు మా జవాబు ఇది. ఒంటి జబ్బా, మనసు జబ్బా, ఆత్మీయ పోరాటమా అని ఒకదానిని ఎన్నుకొనవద్దు. రోగి మొత్తముగా రావాలి. డాక్టరుగారు చేసేది డాక్టరుగారు చేస్తారు, మానసిక వైద్యులు చేసేది వారు చేస్తారు, పాస్టరుగారు చేసేది పాస్టరుగారు చేస్తారు, కుటుంబము చేయవలసినది కుటుంబమే చేయాలి. ఒకరి పని మరొకరు చేయలేరు. ఒకరి పనికి మరొకరు అడ్డము కారాదు.

మంటి నుండి మనల్ని చేసిన దేవునికి మన బలహీనత కొత్త కాదు. మీ శరీరమునకు స్వస్థతను, మనస్సుకు నెమ్మదిని, ఆత్మకు సమాధానమును ఆయన అనుగ్రహించును గాక. ఆమేన్.